ఐదు పాయింట్ ఒకటి

రాత్రి రెండుంబావుకి ఫోను.
"బాక్సులో ఐదు పాయింట్ ఒకటుందండి మేడం,
రొయ్యేమో గట్టుకొచ్చేసిందండి."

ఏసుపాదం ఊరికే కంగారుపడే మనిషి కాదు.
పదకొండేళ్ళుగా ఈ చెరువుల కాపలా.
నీటి మీద టార్చి వేసి
ఎర్రగా మెరిసే కళ్ళను బట్టి
ఆక్సిజన్ ఎంతుందో చెప్పేస్తాడు, దశాంశం లేకుండా.

"బాక్సుని నమ్మకు, చేత్తో స్విచ్చులెయ్" అని
నైటీ మీద రెయిన్‌కోటు తొడుక్కుని బయల్దేరాను.
స్కూటీ డిక్కీలో మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్.
కాళ్ళకూరు దాటాక పొగమంచు.
ఏరేటర్ల చక్రాలు నీళ్ళని బాదే చప్పుడు ముందొచ్చింది,
చెరువు తర్వాత కనిపించింది.

మూత తీశాను. ఐదు పాయింట్ ఒకటి.
పది నిమిషాలు చూస్తూ నిలబడ్డాను.
ఐదు పాయింట్ ఒకటి.

ఏ నీరూ ఇంత బుద్ధిగా ఉండదు.

అప్పుడు గుర్తొచ్చారు అబ్బులు గారు.

భీమవరంలో మా కాలేజీ, రెండో అంతస్తు చివర ల్యాబు.
పన్నెండు సీఆర్వోలు, పనిచేసేవి ఏడు.
ల్యాబ్ అసిస్టెంటు అబ్బులు గారికి డిగ్రీ లేదు,
ముప్పై ఏళ్ళు రేడియోలు విప్పిన వేళ్ళున్నాయి.
డయోడు ప్రయోగం రోజున నేనూ కృపావతీ
క్యాంటీన్లో కూర్చుని, బజ్జీలు తింటూ,
సీనియర్ రికార్డులోంచి రీడింగులు దించేశాం.
సున్నా పాయింట్ ఏడు దగ్గర గీత
వరిచేలోంచి కొంగ లేచినట్టు లేచింది.

ఆయన గ్రాఫు కాగితాన్ని కిటికీ వెలుగుకి పట్టి
"చాలా అందంగా ఉందమ్మా" అన్నారు.
మేం మురిసిపోయేలోపే
"కొలిచారా?" అన్నారు.

సారుకి చెప్పలేదు. తిట్టలేదు.
సాయంత్రం బస్సు వెళ్ళిపోయేదాకా మళ్ళీ చేయించారు.
ఈసారి చుక్కలు గీత మీద నిలబడవు,
ఒకటి పైకి, ఒకటి కిందికి,
వానకి చెదిరిన చీమల్లా.
"ఇదీ మీ డయోడు" అన్నారు తాళాలు వెతుక్కుంటూ.

నాలుగేళ్ళలో యాంటెన్నాలు చదివాను,
స్మిత్ చార్టు సాలెగూట్లో ఒక సెమిస్టరంతా వేలాడాను.
క్యాంపస్ ఇంటర్వ్యూలో మాత్రం
ఎదురెదురు రైళ్ళు ఎంతసేపట్లో దాటుకుంటాయని అడిగారు.
నా రైలు ఆకివీడు దాటలేదు.
రొయ్యల చెరువులకి ఈ బాక్సులు చేసే షెడ్డులో
ఏడుగురిలో ఒకదాన్నయ్యాను.

బోర్డు మీద ఒక్కో అతుకూ వేలితో నొక్కుతూ వచ్చాను.
ప్రోబు తీగె కాలి దగ్గర
ఉప్పుగాలి తిని బూడిదరంగైన టంకం,
చుట్టూ వెంట్రుకంత పగులు.
డ్రై జాయింట్.
అదొక్కటే అయితే తప్పు సముద్రానిదని చెప్పేదాన్ని.

కానీ సిగ్నల్ తెగిపోతే
చివరి మంచి అంకెనే చూపిస్తూ ఉండమని
ప్రోగ్రాంలో ఒక లైనుంది.
తెర ఖాళీగా ఉంటే రైతు భయపడతాడని,
చూడ్డానికి బాగుండదని,
ఆ లైను రాసింది నేనే.

రాత్రి పదింటి నించీ నా బాక్సు
తన పాత రికార్డులోంచి తనే దించుకుంటోంది.
ఆక్సిజన్ బాగానే ఉందనుకుని
ఏరేటర్లని నిద్రపుచ్చింది.

గట్టువారన తెల్లబడ్డ రొయ్యల్ని
ఏసుపాదం బుట్టలోకి ఏరుతున్నాడు.
నావైపు చూడలేదు.

టార్చి పట్టుకున్నది వాళ్ళబ్బాయి రూబేను, ఇంటర్ రెండో ఏడు.
ఐరన్ వేడెక్కేదాకా ఆగి, మెల్లిగా అడిగాడు:
"ఈసీఈలో చేరితే ఏమొస్తుందండి, మేడం?"

టంకం కరిగింది. పొగ కళ్ళల్లోకొచ్చింది.
"వెలుగు ఇటు పట్టు" అన్నాను.
తీగె పట్టుకుంది. అంకె వణికింది.
"చదువు."

"రెండు పాయింట్ ఎనిమిది...
తొమ్మిది... మళ్ళీ ఎనిమిదండి.
నిలబడట్లేదండి. ఇంకా పాడయ్యే ఉందేమో."

"లేదు.
కాగితం తీసుకో.
టైము వేసి, కనిపించింది కనిపించినట్టు రాయి."